తల ఊపకండి, నోరు విప్పండి

గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండబోతున్నాయి. అబ్బాయి ఆన్‌లైన్లో ఫారం తెరిచాడు. కోడలు 128 పౌరశాస్త్రం ప్రశ్నల కట్ట ప్రింటు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. ఆ కట్ట చూడగానే మీకు గుండె దడ మొదలైందా? "అరవై దాటినాక మనకేటీ పరీచ్చలు" అని గొణుక్కున్నారా?

రాజాం నుంచో, పలాస నుంచో, బొబ్బిలి, చీపురుపల్లి పక్క పల్లెల నుంచో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి, ఇప్పుడు పౌరసత్వం ఇంటర్వ్యూకి సిద్ధమవుతున్న అమ్మలకూ నాన్నలకూ ఈ అధ్యాయం. పక్కన కూర్చుని చదివించే పిల్లలకు కూడా. మొదటే ఒక మాట చెప్పేస్తాను. మీరు భయపడుతున్న ఆ 128 ప్రశ్నలు పెద్ద గండమేమీ కాదు. నెలా రెండు నెలల్లో వస్తాయి. మనవాళ్లకు ఇబ్బంది వచ్చేది వేరేచోట. ఎక్కడో రెండో సూచనలో చెబుతాను.

1. ముందు ఎందుకో తేల్చుకోండి

అందరికీ పౌరసత్వం అవసరమా? కాదు. గ్రీన్‌కార్డును పదేళ్లకోసారి మార్చుకుంటూ ఉండిపోవచ్చు. అయితే దానితో ఒక చిక్కుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారు అమెరికాలోనే కాపురం ఉండాలి. పైడితల్లమ్మ సిరిమానుకని వెళ్లి, సంక్రాంతి చూసుకుని, అరసవల్లి రథసప్తమి కూడా అయ్యాక వద్దాంలే అనుకుంటే నెలలు గడిచిపోతాయి. ఆరు నెలలు దాటి బయట ఉంటే పౌరసత్వం లెక్కలో మీ నివాసం తెగిందేమోనని అనుమానిస్తారు. తెగలేదని రుజువు చేసుకోవాల్సింది మీరే. ఏడాది దాటితే మామూలుగా తెగినట్టే లెక్క. ఇలాంటి మజిలీలు ఎక్కువైతే గ్రీన్‌కార్డుకే ముప్పు. అదే పౌరులైతే భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు చేతిలో పెట్టుకుని ఊళ్లో ఎన్నాళ్లయినా ఉండొచ్చు. అంటే మన పెద్దవాళ్లలో చాలామంది అమెరికా పౌరసత్వం తీసుకునేది సొంతూళ్లో నిశ్చింతగా ఉండటానికే! వినడానికి వింతగా ఉన్నా లెక్క సరైనదే.

కాగితం విలువ మన జిల్లాలకు కొత్తగా చెప్పక్కర్లేదు. కళింగపట్నం, భీమునిపట్నం, బారువ రేవుల నుంచి రంగూన్ వెళ్లిన తాతల కథ లేని ఊరు తక్కువ. 1942లో జపాన్ బర్మా మీద దండెత్తినప్పుడు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్లున్నారు. 1962లో అక్కడ నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక ఉన్నదంతా వదిలి ఓడెక్కినవాళ్లున్నారు. అక్కడ పుట్టి పెరిగి కూడా పరాయివాళ్లుగానే లెక్కకొచ్చినవాళ్లు వారిలో ఎందరో.

కారణం తేల్చుకున్నాక తేదీలు చూసుకోండి. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు కావాలి. అమెరికా పౌరుణ్ణి లేదా పౌరురాలిని పెళ్లి చేసుకుని కలిసి ఉంటున్నవారికి మూడేళ్లు. ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు మీరు అమెరికా గడ్డ మీద ఉండి తీరాలి. గడువుకు 90 రోజుల ముందు నుంచే పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారం పంపవచ్చు.

2. తల ఊపడం మానండి

తాసిల్దారు ఆఫీసులో, పోలీస్ స్టేషన్లో, బ్యాంకు మేనేజరు ముందు మనమెలా నిలబడతాం? ఆయన ఏదంటే దానికి "అలాగేనండి, అలాగేనండి" అని తల ఊపుతాం. అర్థం కాకపోయినా ఊపుతాం. అది మర్యాద. అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీసరు ముందు అదే అలవాటు కొంప ముంచుతుంది. ఆయన అడిగే వాటిలో చాలా భాగం "మీరు ఎప్పుడైనా ఫలానా తప్పు చేశారా?" అన్న రకం. వాటికి మీరు నవ్వుతూ తల ఊపారంటే ఏం చెప్పినట్టు?

ఇంట్లో సాధన ఇలా మొదలవుతుంది:

"అమ్మా, హావ్ యూ ఎవర్ బీన్ అరెస్టెడ్?"

"యెస్, యెస్."

"అరెస్టంటే పోలీసులు పట్టుకెళ్లడమమ్మా!"

"అయ్యో నాయినా, నన్నెందుకు పట్టుకెళ్తారు? రెస్టు తీసుకున్నావా అనడిగినావనుకున్నాను."

ఇంట్లో అయితే అందరూ నవ్వుకుంటారు. ఆఫీసులో అదే "యెస్" కాగితం మీదికెక్కుతుంది.

ఇంకా ప్రమాదమైన చోటు ఇంటర్వ్యూ గది కూడా కాదు. ఐదేళ్ల ముందే వస్తుంది. డ్రైవింగ్ లైసెన్సుకో, ఐడీ కార్డుకో వెళ్లినప్పుడు కౌంటర్లో గుమస్తా గబగబా ఏదో అడుగుతాడు. "ఓటరుగా నమోదు చేయమంటారా?" అని దాని అర్థం. మీకు "ఓట్" అన్న మాట ఒక్కటే వినిపిస్తుంది. మన ఊళ్లో ఓటు మంచిదే కదా, తల ఊపేస్తారు, తెర మీద సంతకం పెట్టేస్తారు. పౌరులు కానివారు పౌరులమని చెప్పి ఓటరుగా నమోదవడం అక్కడ చిన్న తప్పు కాదు. పౌరసత్వం రాకపోవడంతో ఆగదు, దేశం నుంచి పంపేసేదాకా పోవచ్చు. అలాంటిది ఇప్పటికే జరిగిందేమోనని అనుమానముంటే ఫారం పంపకముందే ఇమిగ్రేషన్ లాయరును కలవండి. ఈ ఒక్క విషయంలో "చూద్దాంలే" అనకండి.

మరి తల ఊపకుండా ఏం చేయాలి? మూడు వాక్యాలు నోటికి రావాలి, నిద్రలో లేపి అడిగినా రావాలి. "ఐ డోంట్ అండర్‌స్టాండ్." "ప్లీజ్ సే ఇట్ అగైన్." "ప్లీజ్ స్పీక్ స్లోలీ." మళ్లీ అడగమంటే మార్కులేమీ పోవు. ఆఫీసరు అదే ప్రశ్నను తేలిక మాటల్లో తిప్పి అడుగుతాడు. అర్థం కానప్పుడు ఆ సంగతి చెప్పగలగడం కూడా ఇంగ్లీషు మాట్లాడటమే. మన పెద్దవాళ్లకు ఇదే కష్టం. ఆఫీసరుతో "నాకర్థం కాలేదు" అనడం ఎదురు చెప్పినట్టు ఉంటుంది వాళ్లకు. అందుకని పిల్లలూ, మీ అమ్మానాన్నల చేత రోజుకు పదిసార్లు ఈ మాటలు అనిపించండి. మీరు కావాలనే గొణగండి, వేగంగా అడగండి. వాళ్లు ఆపి "ప్లీజ్ సే ఇట్ అగైన్" అనేదాకా జవాబు తీసుకోకండి.

ఇంకొకటి. జవాబు నోటితోనే రావాలి. మనం తల పక్కకు ఊపే తీరు అవునో కాదో తెల్లవాళ్లకు బోధపడదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, తల నిలిపి, "యెస్, సర్" లేదా "నో, మేడమ్" అనండి.

3. అసలు సిలబస్ మీ ఫారమే

ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడే పరీక్షంటూ వేరుగా ఉండదు. ఎన్-400 మీద అడిగే ప్రశ్నలకు మీరిచ్చే జవాబులే ఆ పరీక్ష. కాబట్టి నింపి పంపిన ఫారం నకలు తీసుకుని, అందులో ప్రతి గడినీ మీ నోటితో చెప్పగలగాలి. అబ్బాయి నింపాడు కాబట్టి అబ్బాయికి తెలుసు. ఆ గదిలోకి మాత్రం అబ్బాయి రాడు.

మనవాళ్లు తడబడేది ముఖ్యంగా మూడు చోట్ల.

పేరు: పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో ఉంటుంది. ఊళ్లో అందరూ పిలిచే పేరు మూడోది. రికార్డుల్లో పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది ఒకచోట. "వాడిన ఇతర పేర్లు" అన్న గడి ఇందుకే ఉంది. అన్నీ రాయండి. "లాస్ట్ నేమ్" అంటే చివర రాసే పేరు అనుకుని తికమకపడకండి, వాళ్లడిగేది ఇంటిపేరు.

పుట్టినరోజు: బడిలో వేసేటప్పుడు హెడ్‌మాస్టరు గారు ఏ జూలై 1వ తేదీనో రాసేశారా? మీ తరంలో అది సామాన్యం. పాస్‌పోర్టులో, గ్రీన్‌కార్డులో ఉన్న తేదీని ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పడం నేర్చుకోండి. వేరే తేదీ ఉన్న సర్టిఫికెట్ ఏదైనా దాఖలు చేసి ఉంటే మాత్రం ముందే లాయరుకు చూపించండి.

ప్రయాణాలు: ఐదేళ్లలో 24 గంటలు దాటి దేశం బయట ఉన్న ప్రతి ప్రయాణమూ, వెళ్లిన తేదీ, వచ్చిన తేదీతో సహా రాయాలి. పాస్‌పోర్టు ముద్రలు చూసి ఒక కాగితం మీద పట్టీ వేసుకోండి. "తమ్ముడి కూతురి పెళ్లికి వెళ్లాను, మూడు నెలలున్నాను" అని ప్రతి ప్రయాణానికీ ఇంగ్లీషులో ఒక వాక్యం తయారుగా ఉంచుకోండి.

ఫారంలోని మాటలకు అర్థం అడిగే ఆఫీసర్లూ ఉన్నారు. "వాట్ ఈజ్ ఓత్?" అంటే "ప్రామిస్ టు టెల్ ట్రూత్" అన్నంత చిన్న జవాబు చాలు. వ్యాకరణం గురించి దిగులు వద్దు.

4. ఎర్రజెండా ప్రశ్న

దీన్ని వేరుగా చెప్పడానికి కారణం మన జిల్లాలే. ఎన్-400లో ఒక ప్రశ్న ఉంది: ప్రపంచంలో ఎక్కడైనా కమ్యూనిస్టు లేదా నియంతృత్వ పార్టీలో మీరు ఎప్పుడైనా సభ్యులా, దానితో ఏ రకంగానైనా సంబంధం ఉందా? గుజరాత్ నుంచి వచ్చిన పెద్దాయన దీన్ని చదివి నవ్వేసి ముందుకు పోవచ్చు. శ్రీకాకుళం మనిషి ఆగాలి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు తుపాకీ గుండ్లకు బలైన తరువాత రగిలిన గిరిజన పోరాటం మన నేల మీదిది. అంత దూరం పోనక్కర్లేదు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఎర్రజెండా సంఘంలో తిరిగినవాళ్లు, నెల్లిమర్ల జూట్ మిల్లులాంటి చోట్ల యూనియన్‌లో ఉన్నవాళ్లు, ఉపాధ్యాయ సంఘంలో పనిచేసిన మాస్టార్లు మనలో కొల్లలు. మన దేశంలో కమ్యూనిస్టు పార్టీలు బ్యాలెట్ పేపరు మీద ఉండేవే, అసెంబ్లీలో కూర్చున్నవే. కాబట్టి అది చెప్పుకోవలసిన సంగతన్న ఊహే రాదు.

పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారిని ఊహించుకోండి. కొడుకు రాత్రి పదకొండింటికి కూర్చుని ఫారంలోని ఆ పేజీ అంతా పైనుంచి కిందికి "నో, నో, నో" అని కొట్టుకుపోతాడు. మాస్టారికి ముప్ఫై ఏళ్ల పార్టీ సభ్యత్వం ఉన్న సంగతి కొడుక్కి తెలుసు, కానీ గుర్తురాదు. ఇంటర్వ్యూలో ఆఫీసరు చూపు మాస్టారి ఫేస్‌బుక్ మీద పడనక్కర్లేదు. ప్రమాణం చేసి కూర్చున్న నిజాయితీపరుడైన మాస్టారే "యెస్" అనేస్తాడు. అప్పుడు ఫారం ఒకటి చెబుతోంది, మనిషి ఒకటి చెబుతున్నాడు.

చట్టం చూసేది ప్రధానంగా దరఖాస్తుకు ముందరి పదేళ్లను. పదహారేళ్లు నిండకముందే చేరి బయటికి వచ్చేసినవారికీ, ఇష్టం లేకుండా చేర్చబడినవారికీ, బతుకుతెరువు కోసం చేరక తప్పనివారికీ మినహాయింపులున్నాయి. ఒకరోజు ర్యాలీకి వెళ్లడం, యూనియన్ చందా కట్టడం, పార్టీ కార్డు ఉండటం ఒకటి కావు. ఆ తేడా ఫారం మీద ఎలా చెప్పాలో తేల్చాల్సింది మీ అబ్బాయి కాదు, ఇమిగ్రేషన్ లాయరు. మీరు చేయాల్సింది ఇదీ: ఏ సంఘంలో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఉన్నారో ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకోండి. గ్రీన్‌కార్డు వీసాకి ఇలాంటి ప్రశ్నే అడిగి ఉంటారు, అప్పుడేం చెప్పారో వెతికి చూసుకోండి. ఆ రెండూ పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లండి, ఫారం పంపకముందే. దాచడం మాత్రం వద్దు. చాలాసార్లు అసలు సంగతి కంటే అబద్ధమే పెద్ద నేరమవుతుంది.

5. ఇక ఆ 128 ప్రశ్నలు

2025 అక్టోబరు 20న గానీ ఆ తరువాత గానీ దరఖాస్తు చేసినవారికి కొత్త పరీక్ష. 128 ప్రశ్నల్లోంచి 20 దాకా నోటితో అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. 12 రాగానే ఆపేస్తారు, 9 తప్పినా ఆపేస్తారు. అంతకుముందు దరఖాస్తు చేసినవారికి పాత పద్ధతి: 100 ప్రశ్నలు, పది అడుగుతారు, ఆరు చెప్పాలి. మీది ఏదో తెలుసుకోకుండా చదవడం మొదలుపెట్టకండి. పాత యూట్యూబ్ వీడియోలు చూసి పాత కట్టే బట్టీ పట్టేవాళ్లున్నారు.

చాలా ప్రశ్నల కింద నాలుగైదు జవాబులు అచ్చయి ఉంటాయి. ఒకటి చెప్పమన్నచోట ఒకటి చాలు! అందులో మీ నోరు తిరిగే చిన్న జవాబు ఎంచుకుని తక్కినవి పెన్సిలుతో కొట్టేయండి. కట్ట అక్కడికక్కడే సగమవుతుంది.

మీకు తెలిసిన దాన్ని ఆసరా చేసుకోండి. మన లోక్‌సభ ఎన్నికల్లో 543 స్థానాలు, అక్కడి ప్రతినిధుల సభలో ఓటున్న సభ్యులు 435 మంది. అవే మూడంకెలు, చోటు మారాయి. మన రాజ్యసభ సభ్యుడికీ, వాళ్ల సెనెటర్‌కీ పదవీకాలం ఆరేళ్లే. రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 50 రాష్ట్రాలకు 100 మంది సెనెటర్లు. రాజ్యాంగ సవరణలు మనకు వంద దాటాయి, వాళ్లకు 27. ఒక్క చోట మాత్రం మన జ్ఞానం మనల్నే మోసం చేస్తుంది: గవర్నరు. మన గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు, అక్కడి గవర్నరును జనం ఓటేసి ఎన్నుకుంటారు. మన ముఖ్యమంత్రి లాంటి మనిషి అనుకోండి. "మీ రాష్ట్ర రాజధాని ఏది?" అన్న ప్రశ్న కూడా ఉంటుంది. ఆంధ్రావాళ్లం ఆ ప్రశ్నకు పదేళ్లుగా తడుముకున్నవాళ్లమే గానీ, అక్కడ అడిగేది మీరుంటున్న అమెరికా రాష్ట్రం గురించి.

గవర్నరు, సెనెటర్లు, మీ ప్రాంతపు ప్రతినిధి, ఇవి ఎన్నికలతో మారిపోయే జవాబులు. ఇంటర్వ్యూకి వారం ముందు ప్రభుత్వ వెబ్‌సైట్లో మళ్లీ చూసుకోండి.

6. చదవడం, రాయడం

మూడు వాక్యాల్లో ఒకటి తప్పు లేకుండా చదివితే చాలు. మూడింట్లో ఒకటి విని రాస్తే చాలు. ఈ వాక్యాల్లో వచ్చే మాటల జాబితా ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. వాషింగ్టన్, లింకన్, కాంగ్రెస్, ఫ్లాగ్, వైట్ హౌస్, కొన్ని నెలల పేర్లు, రంగులు. చిన్న స్పెల్లింగ్ తప్పు పోయినా అర్థం చెడకపోతే ఒప్పుకుంటారు. మాటను కుదించి పొట్టి అక్షరాల్లో రాస్తే ఒప్పుకోరు. ఇప్పుడు ఎక్కువగా టాబ్లెట్ తెర మీదే ప్లాస్టిక్ పెన్నుతో రాయిస్తున్నారు. నోటుబుక్కుకు అలవాటైన చెయ్యి ఆ జారుడు గాజు మీద వణుకుతుంది. మనవడి టాబ్లెట్ ఓ వారం అరువు తీసుకోండి.

7. ఎవరికి మినహాయింపు?

దరఖాస్తు నాటికి 50 ఏళ్లు నిండి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు, లేదా 55 నిండి 15 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష లేదు. పౌరశాస్త్రం ప్రశ్నలకు దుబాసీ సాయంతో తెలుగులో జవాబు చెప్పొచ్చు. 65 నిండి 20 ఏళ్లుగా ఉన్నవారికి ఇంకా తేలిక: గుర్తు పెట్టిన 20 ప్రశ్నలే చదవాలి, పదిలో ఆరు చెప్పాలి. మతిమరుపు జబ్బు లాంటి వైద్య కారణంతో నేర్చుకోలేనివారికి డాక్టరు నింపే ఎన్-648 ఫారం ఉంది. బద్ధకానికి దాన్ని వాడమని సలహా ఇచ్చేవాళ్లను దూరం పెట్టండి. అరవై దాటాక ఈమధ్యే వెళ్లినవారికి ఈ మినహాయింపులు చాలావరకు వర్తించవు. వాళ్లు ఇంగ్లీషు నేర్చుకోవాల్సిందే. ఊరి లైబ్రరీల్లో, కమ్యూనిటీ కాలేజీల్లో ఉచిత తరగతులు దొరుకుతాయి, వెళ్లండి. ఇంట్లో కొడుకు దగ్గర సిగ్గుపడే నాన్న, పరాయి టీచరు దగ్గర బాగా మాట్లాడతాడు.

8. ఆ రోజు

అరగంట ముందు చేరండి. ఇంటర్వ్యూ నోటీసు, గ్రీన్‌కార్డు, పాతవాటితో సహా అన్ని పాస్‌పోర్టులు, రాష్ట్ర ఐడీ, పెళ్లి కాగితం పట్టుకెళ్లండి. ఆఫీసరు పేరు పిలిచి, గదికి నడిపించుకుంటూ వాతావరణం గురించో, ఎలా వచ్చారనో అడుగుతాడు. ఇంగ్లీషు పరీక్ష అప్పుడే మొదలైంది! గదిలో కుడిచెయ్యి ఎత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు. కూర్చోమనేదాకా ఆగి కూర్చోండి.

తప్పితే? ఇంకో అవకాశం ఉంది. 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ పిలుస్తారు, తప్పిన భాగమే మళ్లీ పెడతారు. ఊళ్లోవాళ్లకు ఇంటర్వ్యూ తేదీ చెప్పకుండా ఉండటం మంచిదని నా సలహా. ఫోన్లు తగ్గుతాయి.

నెగ్గాక

పౌరసత్వ ప్రమాణం రోజు గ్రీన్‌కార్డు ఇచ్చేసి సర్టిఫికెట్ తీసుకుంటారు. హాల్లోంచి బయటికి రాకముందే అందులో మీ పేరు అక్షరం అక్షరం చదవండి. తరువాత దిద్దించాలంటే నెలలు పడుతుంది.

ఆ క్షణం నుంచి 1955 పౌరసత్వ చట్టం ప్రకారం మీ భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. రెండూ ఉంచుకునే వీలు మన చట్టంలో లేదు. ఓసీఐ కార్డుతో ఊళ్లో ఉండొచ్చు, ఇల్లు కొనొచ్చు. ఓటు మాత్రం లేదు, వ్యవసాయ భూమి కొనడమూ కుదరదు. ఉద్దానంలో మీ జీడితోట పోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. ఇండియాలో ఉన్నప్పుడు కొన్నదీ, వారసత్వంగా వచ్చిందీ మీ దగ్గరే ఉంటుంది. అమ్మాలంటే ఇండియాలో ఉండే భారత పౌరుడికే అమ్మాలి. కొత్తగా ఇంకో తోట కొనలేరు, అంతే. ఊరి ఓటరు జాబితాలో పేరుంటే ఫారం-7 ఇచ్చి తీయించండి.

పనుల వరస ఇది: ముందు అమెరికా పాస్‌పోర్టు, తరువాత భారత పాస్‌పోర్టు సరెండర్, ఆ తరువాత ఓసీఐ. ఒక్కోదానికీ వారాలు పడతాయి. పాత భారత పాస్‌పోర్టుతో విమానం ఎక్కబోతే జరిమానాలు, చిక్కులు. ప్రమాణం అక్టోబరులో పడితే సంక్రాంతి టికెట్లు కొనేముందు అబ్బాయితో కూర్చుని ఈ మూడింటి తేదీలూ లెక్కేసుకోండి.